ఈలై మానింగ్‌కు హాల్ ఆఫ్ ఫేమ్ ఇవ్వాలా? 2007ను పక్కన పెట్టి 2011ను చూడండి

ప్రశ్న ఇది: "అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యూయార్క్ జెయింట్స్ జట్టు మాజీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) ఈలై మానింగ్ లీగ్ మ్యాచ్‌లలో 117 గెలిచాడు, 117 ఓడాడు. రెండు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచాడు కానీ అవి అవతలి జట్టును ఆపే డిఫెన్స్ పుణ్యమే అంటారు. మానింగ్ అనే ఇంటిపేరు, న్యూయార్క్ అనే ఊరు లేకపోతే ఇతని పేరు హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎవరైనా తలుచుకునేవారా? మొదటి ఏడాదే ఎంపిక చేయకపోవడం అన్యాయం అంటున్నవాళ్ల మాటలో న్యాయం ఉందా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఈలైకి హాల్ ఆఫ్ ఫేమ్, అంటే ఆటలో మేటివాళ్లకు ఇచ్చే శాశ్వత గౌరవం, దక్కాలి. మొదటి ఏడాదే దక్కకపోవడంలో మాత్రం అన్యాయం ఏమీ లేదు. అయితే అందరూ చెప్పే కారణంతో నేను దక్కాలనడం లేదు. 2007 సీజన్ సూపర్ బౌల్‌లో హెల్మెట్‌కు అదిమి పట్టిన ఆ క్యాచ్ గురించి కాదు, 18 మ్యాచ్‌లు వరుసగా గెలిచి వచ్చిన పేట్రియాట్స్ జట్టును అందులో ఓడించడం గురించీ కాదు. నా లెక్క 2011 సీజన్ మీద నిలబడి ఉంది.

నేను 2003లో న్యూజెర్సీ వచ్చాను. ఎడిసన్‌లో మేమున్న అపార్ట్‌మెంట్ నుంచి జెయింట్స్ స్టేడియం దగ్గరే. ఆఫీసులో నా పక్క సీటు ఆయన జెయింట్స్ అంటే ప్రాణం పెట్టేవాడు. ఆట అర్థం కావడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. ఈలై 2004లో వచ్చాడు కాబట్టి అతను నేర్చుకుంటున్నప్పుడే నేనూ నేర్చుకున్నాను. అతని 16 సీజన్లూ చూశాను. పదేళ్లుగా మా టౌన్‌లో పిల్లలకు ఫ్లాగ్ ఫుట్‌బాల్ (మీద పడి పడగొట్టడం లేకుండా ఆడే రకం) నేర్పుతున్నాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అతను రిటైర్ అయ్యేదాకా నేను "ఇవ్వకూడదు" అనే పక్షంలోనే ఉన్నాను. తర్వాత పాత మ్యాచ్‌లను, ఆ వారం టెన్షన్ ఏమీ లేకుండా, వరుసగా కూర్చుని మళ్లీ చూశాక నా అభిప్రాయం మారింది.

ముందు ఎంపిక ఎలా జరుగుతుందో చూద్దాం. ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఒహాయోలోని కాంటన్‌లో ఉంది, 1963లో మొదలైంది. రిటైర్ అయ్యాక ఐదు సీజన్లు గడిస్తేనే ఆటగాడి పేరు పరిశీలనకు వస్తుంది. ఓటు వేసేది ఎక్కువగా ఏళ్ల తరబడి ఆటను రాసిన జర్నలిస్టులు. 80 శాతం ఓట్లు రావాలి. 2025లో నిబంధనలు ఇంకా బిగించారు. ఆ ఏడాది మొత్తం నలుగురే లోపలికి వెళ్లారు: ఎరిక్ అలెన్, జారెడ్ అలెన్, ఆంటోనియో గేట్స్, స్టెర్లింగ్ షార్ప్. ఈలైకి అర్హత వచ్చిన మొదటి సంవత్సరం అదే. చివరి పదిహేను మందిలోకి వచ్చాడు, అక్కడితో ఆగిపోయాడు.

ఇక అతనికి వ్యతిరేకంగా ఉన్న వాదన. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు, ఎందుకంటే చాలా భాగం నిజం.

366 టచ్‌డౌన్లు వేశాడు, అంటే బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చిన పాసులు. 244 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అంటే విసిరిన బంతి 244 సార్లు అవతలి జట్టు చేతికి పోయింది. మూడు సీజన్లలో, 2007, 2010, 2013లలో, లీగ్‌లో ఎవరికన్నా తక్కువ కాకుండా ఇంటర్‌సెప్షన్లు ఇచ్చింది ఇతనే. 2013లో అయితే ఏకంగా 27. పాసులు ఎంత బాగా విసిరాడో కొలిచే పాసర్ రేటింగ్ కెరీర్ మొత్తానికి 84.1. అది ఆ రోజుల్లో మామూలు క్వార్టర్‌బ్యాక్ రేటింగే. ఆల్ ప్రో జట్టులో, అంటే ఆ ఏడాది లీగ్‌లో ఆ స్థానానికి మేటి అని ఎంచే జాబితాలో, ఒక్కసారీ లేడు. మేటి ఆటగాళ్లను ఏటా పిలిచే ప్రో బౌల్‌కు నాలుగు సార్లు వెళ్లాడు. 16 సీజన్లలో ప్లేఆఫ్స్, అంటే లీగ్ మ్యాచ్‌ల తర్వాతి నాకౌట్ పోటీలు, చేరింది ఆరుసార్లే. ఆ ఆరింటిలో నాలుగుసార్లు మొదటి మ్యాచ్‌లోనే ఇంటికి వచ్చాడు. పాసులతో 57,023 యార్డులు ఉన్నాయి, రిటైర్ అయ్యేనాటికి చరిత్రలో ఏడో స్థానం. కానీ 2004 నుంచి బంతి అందుకునే రిసీవర్లను డిఫెన్స్ వాళ్లు పట్టుకోకుండా రూల్స్ గట్టిగా అమలు చేయడంతో అందరి యార్డులూ పెరిగాయి. ఆ అంకెను చూపించి గొప్పవాడు అనడానికి నేను ఒప్పుకోను.

ఇవి చూసి "చాలు, వద్దు" అనేవాళ్లను నేను తప్పు పట్టను. పదిహేనేళ్లు నేను అన్నదీ అదే.

117-117 అనే అంకె మాత్రం పైకి కనిపించినంత అర్థం ఉన్నది కాదు. దాన్ని రెండు ముక్కలు చేసి చూడండి. 2004 నుంచి 2012 వరకు తొమ్మిది సీజన్లలో అతను మొదటి నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన మ్యాచ్‌లలో 78 గెలుపులు, 57 ఓటములు. 2013 నుంచి చివరిదాకా 39 గెలుపులు, 60 ఓటములు. ఆ రెండో భాగంలో అతను బాగా ఆడాడని అనను. కానీ ఆ ఏడేళ్లలో అతని ముందు నిలబడి కాపాడాల్సిన ఆఫెన్సివ్ లైన్ ఎలా ఉండేదో చూసినవాళ్లకు తెలుసు. బంతి చేతికి వచ్చి రెండు సెకన్లు గడవకముందే మీద పడేవాళ్లు. 2016లో 11 గెలిచి 5 ఓడి ప్లేఆఫ్స్‌కు వెళ్లారు, ఆ తర్వాతి ఏడాది జట్టు 3-13. ఒక్క సీజన్ తేడాలో క్వార్టర్‌బ్యాక్ అంత మారిపోడు. గెలుపోటములు జట్టువి. క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన రాస్తాం కానీ అవి అతని ఒక్కడి ఖాతా కాదు. గెలుపుల విషయంలో ఈ మాట ఒప్పుకుంటే ఓటముల విషయంలోనూ ఒప్పుకోవాలి. అలాగే సూపర్ బౌల్స్ విషయంలోనూ ఒప్పుకోవాలి.

అందుకే 2007ను నేను పక్కన పెడుతున్నాను.

2007 సీజన్‌లో ఈలై 23 టచ్‌డౌన్లు, 20 ఇంటర్‌సెప్షన్లు. నవంబర్‌లో మిన్నెసోటా మీద నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇస్తే వాటిలో మూడింటిని వాళ్లు నేరుగా టచ్‌డౌన్ దాకా పట్టుకుపోయారు. ఆ రోజు స్టేడియంలో అరుపులు నాకు ఇంకా గుర్తున్నాయి. ప్లేఆఫ్స్‌లో అతను నిలకడగా ఆడాడు, నాలుగు మ్యాచ్‌లలో ఒకే ఇంటర్‌సెప్షన్. గ్రీన్‌బేలో సున్నా కింద 18 డిగ్రీల సెల్సియస్ చలిలో బంతి రాయిలా ఉండగా తప్పు చేయకుండా 40 సార్లు విసిరాడు. అది చిన్న విషయం కాదు. అయినా 2008 ఫిబ్రవరి 3న అరిజోనాలో సూపర్ బౌల్ గెలిపించింది డిఫెన్సే. ఆ సీజన్‌లో 589 పాయింట్లతో అప్పటి రికార్డు సృష్టించిన పేట్రియాట్స్‌ను 14 దగ్గర ఆపారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని ఐదుసార్లు పడగొట్టారు. మైకేల్ స్ట్రేహాన్, జస్టిన్ టక్, ఓసీ ఉమెన్యోరా ఆ రోజు ఆడిన ఆట అలాంటిది.

చివరి డ్రైవ్ సంగతి, అంటే బంతి చేతిలో ఉంచుకుని ముందుకు సాగిన చివరి దాడి. 2 నిమిషాల 39 సెకన్లు ఉండగా వంద యార్డుల మైదానంలో తమ 17వ యార్డు నుంచి మొదలుపెట్టి 83 యార్డులు వెళ్లి, 35 సెకన్లు మిగిలి ఉండగా ప్లాక్సికో బర్రెస్‌కు టచ్‌డౌన్. మధ్యలో డేవిడ్ టైరీ బంతిని హెల్మెట్‌కు అదిమి పట్టిన క్యాచ్. ఇద్దరు ముగ్గురు చొక్కా పట్టి లాగుతుంటే ఈలై విడిపించుకుని విసిరాడు, అందులో అతని గొప్పతనం ఉంది. కానీ దానికి ముందు బంతి చూశారా? అసాంటే శామ్యూల్ చేతుల్లోంచి జారిపోయింది. పట్టి ఉంటే మ్యాచ్ అక్కడితో ఆఖరు. ఆ సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లన్నింటిలో కలిపి నాలుగు క్యాచ్‌లు పట్టిన టైరీ, ఆ క్యాచ్ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మరొకటి పట్టలేదు. అదృష్టానికి అంత పెద్ద వాటా ఉన్న ఆట మీద ఒక మనిషి కెరీర్‌ను తూచకూడదు. మీ ప్రశ్నలో "డిఫెన్స్ పుణ్యం" అన్న మాట ఉంది. 2007కు ఆ మాట సరిపోతుంది.

2011కు సరిపోదు.

ఆ సీజన్ మొదలవకముందు ఒక రేడియో కార్యక్రమంలో ఈలైని అడిగారు, నువ్వు బ్రేడీ స్థాయి ఆటగాడివేనా అని. ఆ కోవలోనే ఉన్నాననుకుంటున్నాను అన్నాడు. అంతకు ముందు సీజన్‌లో 25 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చినవాడు ఆ మాట అన్నందుకు ఊరంతా విరుచుకుపడింది. మా ఆఫీసులో వారం రోజులు అదే చర్చ. నేనూ తిట్టినవాళ్లలో ఉన్నాను.

ఆ ఏడాది జెయింట్స్ జట్టు ఎలా ఉందో చూడండి. పరుగుతో సంపాదించిన యార్డులలో 32 జట్లలో 32వ స్థానం. అంటే బంతిని చేతికిచ్చి పరిగెత్తించి ముందుకు వెళ్లడం అనే దారి దాదాపు మూసుకుపోయింది. ప్రతి డిఫెన్స్‌కూ తెలుసు, ఈలై విసరక తప్పదని. అటువైపు అవతలివాళ్లకు తక్కువ పాయింట్లు ఇవ్వడంలో జెయింట్స్ డిఫెన్స్‌ది 25వ స్థానం. సీజన్ మొత్తంలో 394 పాయింట్లు చేసి 400 ఇచ్చారు. చేసినదానికన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చి, ఆ తర్వాత సూపర్ బౌల్ గెలిచిన జట్టు అంతకు ముందు చరిత్రలో లేదు. ఆ జట్టును 9-7కు లాక్కొచ్చినవాడు ఎవరు? 14 మ్యాచ్‌లయ్యేసరికి 7-7. ఇంకొక్కటి ఓడితే సీజన్ అయిపోయినట్టే. జెట్స్ మీద గెలిచారు, డాలస్ మీద గెలిచారు.

ఈలై ఆ సీజన్‌లో 4,933 యార్డులు విసిరాడు. కానీ నేను చూపించే అంకె వేరే. ఆటలో చివరి భాగమైన నాలుగో క్వార్టర్‌లో 15 టచ్‌డౌన్ పాసులు. అప్పటిదాకా 14తో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు, జానీ యునైటస్, ఈలై అన్నయ్య పేటన్‌లదీ రికార్డు. ఓడిపోయే దశలో ఉన్న మ్యాచ్‌ను, పరుగు అనే ఆయుధం లేకుండా, వారం వారం చివరి క్వార్టర్‌లో తిప్పుతూ వచ్చాడు. విక్టర్ క్రూజ్ లాంటి, కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోని రిసీవర్‌తో.

ప్లేఆఫ్స్‌లో డిఫెన్స్ కోలుకుంది, అది కూడా చెప్పాలి. అట్లాంటాతో మ్యాచ్‌లో అవతలివాళ్లకు వచ్చింది రెండు పాయింట్లే. తర్వాత గ్రీన్‌బే. ముందు ఏడాది చాంపియన్లు, ఆ సీజన్‌లో 15-1, ఆడుతున్నది వాళ్ల సొంత మైదానంలో. ఈలై 330 యార్డులు, మూడు టచ్‌డౌన్లు. 37-20.

ఆ తర్వాతిది శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీనైనర్స్‌తో మ్యాచ్. 2012 జనవరి 22. నా అభిప్రాయం మారింది ఈ మ్యాచ్ మళ్లీ చూశాకే, కాబట్టి కాస్త ఆగి చెప్తాను. క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో వాన, బురద. ఆ సీజన్‌లో అత్యంత గట్టి డిఫెన్స్‌లలో ఒకటి ఫార్టీనైనర్స్‌ది. జెయింట్స్ వాళ్లకు పరుగు సాగలేదు. ఈలై 58 సార్లు విసరాల్సి వచ్చింది. ఆరుసార్లు బంతితో సహా కింద పడేశారు. విసిరిన తర్వాత తగిలిన దెబ్బలు వేరే. ఒక దశలో హెల్మెట్ పక్కకు తిరిగిపోయి, జెర్సీ భుజం మీద నుంచి జారి, గడ్డం కింద మట్టితో లేచి నిలబడ్డాడు. అప్పుడు టీవీలో చూస్తూ నేను బంతిని చూశాను, స్కోరు చూశాను. మళ్లీ చూసినప్పుడు అతని కాళ్లు చూశాను. అంత దెబ్బలు తింటున్న క్వార్టర్‌బ్యాక్ పాదాలు మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెడతాయి, చూపు రిసీవర్ మీద నుంచి మీదకొస్తున్న మనిషి మీదకు పోతుంది. నేను నేర్పే పిల్లల్లోనూ అదే జరుగుతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరున్నవాళ్లలోనూ అదే జరుగుతుంది. ఈలై పాదాలు 58 విసుర్లలో చోటు మారలేదు. నాలుగో క్వార్టర్‌లో 15 యార్డులు కావాల్సిన మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాలలో మూడోది) మారియో మానింగ్‌హామ్‌కు 17 యార్డుల టచ్‌డౌన్ విసిరాడు. మ్యాచ్ మొత్తంలో ఒక్క ఇంటర్‌సెప్షన్ లేదు. 244 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చిన మనిషి, ఇవ్వడానికి ప్రతి కారణం ఉన్న రోజున ఒక్కటీ ఇవ్వలేదు.

ఇక్కడ కూడా అదృష్టం ఉంది. ఫార్టీనైనర్స్ తరఫున పంట్ (జెయింట్స్ కాలితో తన్ని పంపిన బంతి) అందుకోవాల్సిన ఆటగాడి దగ్గర రెండుసార్లు బంతి చేజారింది, రెండోది ఓవర్‌టైమ్‌లో. 20-17తో గెలిచారు. అయితే ఆ అదృష్టం వచ్చేదాకా మ్యాచ్‌ను పట్టుకుని ఉండాలి కదా. పట్టుకున్నది డిఫెన్స్, ఈలై ఇద్దరూ.

ఫిబ్రవరి 5న ఇండియానాపొలిస్‌లో సూపర్ బౌల్, మళ్లీ పేట్రియాట్స్. అన్నయ్య పేటన్ సొంత స్టేడియం. ఈలై మొదటి తొమ్మిది పాసులూ సరిగ్గా చేరాయి. మొత్తం 40కి 30. 3 నిమిషాల 46 సెకన్లు ఉండగా తమ 12వ యార్డు దగ్గర బంతి దొరికింది. మొదటి ఆటలోనే ఎడమ గీత వెంట మానింగ్‌హామ్‌కు 38 యార్డులు. ఇద్దరు డిఫెండర్ల మధ్య, గీతకు పాదం దూరంలో. టైరీ క్యాచ్‌లో అదృష్టం ఉంది. దీనిలో లేదు. బంతి పడాల్సిన చోటు అంగుళాలలో ఉంది, అక్కడే పడింది. 21-17. ఆ నాలుగు మ్యాచ్‌లలో కలిపి 1,219 యార్డులు, తొమ్మిది టచ్‌డౌన్లు, ఒక ఇంటర్‌సెప్షన్.

ఈ మొత్తాన్ని "డిఫెన్స్ పుణ్యం" అనడం నాకు ఇప్పుడు సాధ్యం కాదు.

మీరు తప్పక అడుగుతారు, జిమ్ ప్లంకెట్ సంగతేంటి అని. రైడర్స్ క్వార్టర్‌బ్యాక్‌గా రెండు సూపర్ బౌల్స్ గెలిచాడు, లీగ్ మ్యాచ్‌లలో 72 గెలుపులు, 72 ఓటములు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో లేడు. ఈలైకి వ్యతిరేకంగా ఇంతకన్నా గట్టి పోలిక లేదు. ప్లంకెట్ 164 టచ్‌డౌన్లు వేసి 198 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. 1980లో మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగితే బెంచ్ మీద నుంచి వచ్చాడు. ఆ కథ చాలా గొప్పది. కానీ అతనికి 2011 లాంటి సీజన్, అంటే మొత్తం జట్టు బరువు ఒక్క చేతి మీద పడిన సీజన్ లేదు. తేడా నాకు అక్కడ కనిపిస్తుంది. ఇంకో వైపు జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ ఉన్నాడు: 173 టచ్‌డౌన్లు, 220 ఇంటర్‌సెప్షన్లు, 1985లో హాల్ ఆఫ్ ఫేమ్. గెలుస్తామని ముందే మాటిచ్చి 1969 జనవరి సూపర్ బౌల్‌లో కోల్ట్స్‌ను ఓడించిన ఆ ఒక్క ఆదివారం లేకపోతే ఆ పేరు కాంటన్‌లో ఉండేదా? ఓటర్లు పెద్ద రోజుల బరువును ఎప్పుడూ లెక్కలోకి తీసుకున్నారు. సూపర్ బౌల్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఒకటి కన్నా ఎక్కువ సార్లు అందుకున్నవాళ్లు బార్ట్ స్టార్, టెరీ బ్రాడ్‌షా, జో మోంటానా, బ్రేడీ, ఈలై, పాట్రిక్ మహోమ్స్. మొదటి ముగ్గురూ ఎప్పుడో లోపలికి వెళ్లారు. ఈలైకి అర్హత వచ్చేనాటికి మహోమ్స్ ఇంకా ఆడుతూనే ఉన్నాడు, బ్రేడీకి ఐదేళ్ల గడువు తీరలేదు.

ఇంటిపేరు గురించి అడిగారు. అన్నయ్య పేటన్ 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. నాన్న ఆర్చీ కూడా పేరున్న క్వార్టర్‌బ్యాక్, ఆయన మాత్రం హాల్‌లో లేడు. ఆ ఇంటిపేరు ఈలైకి మేలు కన్నా కీడే ఎక్కువ చేసిందని నా నమ్మకం. ఏది ఆడినా అన్నయ్యతో పోల్చేవాళ్లు. 2004 డ్రాఫ్ట్‌లో శాన్‌డియాగోకు ఆడనని ఇంట్లోవాళ్లతో కలిసి పట్టుబట్టి న్యూయార్క్ వచ్చాడని ఇప్పటికీ కోపం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు.

వరుసగా 210 మ్యాచ్‌లలో మొదటి నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. 2017 డిసెంబర్‌లో ఆ వరుస ఆగేనాటికి క్వార్టర్‌బ్యాక్‌లలో బ్రెట్ ఫావ్ర్ ఒక్కడే ముందున్నాడు, అన్నయ్య 208 దగ్గర ఆగాడు. ఆ వరుసను కాపాడుకోవడానికి మ్యాచ్ మొదలుపెట్టి తర్వాత పక్కకు తప్పుకోమంటే, అలా అయితే అసలు వద్దన్నాడు. ఆ వారం న్యూజెర్సీలో అతన్ని ఎప్పుడూ తిట్టేవాళ్లు కూడా కోపంతో ఊగిపోయారు. సమాజ సేవకు ఇచ్చే వాల్టర్ పేటన్ అవార్డు 2016లో లారీ ఫిట్జెరాల్డ్‌తో కలిసి అందుకున్నాడు. మనిషిగా నాకు ఎంతో గౌరవం. ఓటు వేసేటప్పుడు మాత్రం ఈ పేరాలో ఉన్నదేదీ లెక్కలోకి రాకూడదు, మైదానంలో ఆట ఒక్కటే రావాలి. ఆ రూల్ సరైనదే.

ఇక మీ చివరి ప్రశ్న. మొదటి ఏడాది ఇవ్వకపోవడం అన్యాయం కాదు. ఓటరు ఐదు పేర్లే రాయగలడు. ఆంటోనియో గేట్స్ లాంటివాడు, ఏళ్ల తరబడి తన స్థానంలో మేటిగా ఉన్నవాడు, ముందు వెళ్లాలి. సీజన్ తర్వాత సీజన్ నిలకడగా గొప్పగా ఆడినవాళ్లు ఎవరైనా ఈలై కన్నా ముందు వరుసలో ఉండాలి. ఎందుకంటే ఈలై గొప్పతనం 16 సీజన్లలో సమంగా పరుచుకున్నది కాదు. నిండుగా ఉన్నది ఒక్క సీజన్, దాని ముందు ఒక మంచి జనవరి. నా చేతిలో ఓటు ఉంటే మొదటి నాలుగు గీతల మీద వేరే పేర్లు రాస్తాను. ఐదో గీత దగ్గరకొచ్చినప్పుడు, అక్కడ రాయగలిగిన పేర్లన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినప్పుడు, క్యాండిల్‌స్టిక్ బురదలో కదలని ఆ పాదాలు గుర్తొస్తాయి. అక్కడ ఈలై మానింగ్ అని రాస్తాను.